పాత సెమీ ఇల్లా, కొత్త ఫ్లాటా?

లండన్ వాయవ్యాన పిన్నర్, నార్త్‌వుడ్, ఈస్ట్‌కోట్ వైపు అద్దెకు చూస్తున్న మనవాళ్లు పదేపదే అడుగుతున్నారు: 1930ల నాటి సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు) మేలా, స్టేషన్ పక్కన కొత్త ఫ్లాటా? అద్దె, స్కూలు, మెట్రోపాలిటన్ లైన్ రైలు స్టేషన్‌కు నడక అందరూ లెక్క వేసుకునేవే. వదిలేసేది చెమ్మ. మన వంటతో అక్కడ చలికాలం గడవాలంటే తేల్చాల్సింది దాన్నే.

కొత్త ఫ్లాటు వెచ్చన, హీటింగ్ ఖర్చు తక్కువ. చిక్కంతా ఓపెన్ కిచెన్‌తో. పోపు వేస్తే ఎండుమిర్చి ఘాటు సోఫాకూ, తగిలించిన కోట్లకూ పడుతుంది. స్టవ్ మీది హుడ్ గాలిని బయటికి తోస్తుందా, ఫిల్టర్ గుండా మళ్లీ గదిలోకే వదులుతుందా అని ముందే అడగండి. రెండోదైతే జిడ్డు కొంత ఆగుతుంది, ఆవిరి మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. బాల్కనీలో బట్టలు ఆరేయనివ్వని చోట్లున్నాయి. లోపల ఆరేస్తే ఒక్క లోడు నుంచే లీటరుకు పైగా నీరు గాలిలో కలుస్తుంది.

 

నా మొగ్గు సెమీకే. మార్పులు చేయని పాత ఇళ్లలో వంటగది విడిగా, పెరటివైపు తలుపుతో ఉంటుంది. ఇంటివైపు తలుపు మూసి, కిటికీ తెరిచి వండుకోవచ్చు. అయితే ఆ వీధులకు అందమిచ్చే చెట్లే నవంబరులో ఆకులు రాల్చి, కప్పు అంచున వాననీటిని మోసే గట్టర్‌ను నింపేస్తాయి. నీళ్లు పొర్లి గోడ వెంట కారతాయి. పడగ్గది పైమూలలో అంచు ముదిరిన గోధుమరంగు మరక కనిపిస్తే నీరు బయటినుంచి వస్తున్నట్టు. బయటిగోడకు ఆనించిన వార్డ్‌రోబ్ వెనక నల్లని చుక్కలైతే అది సాధారణంగా ఇంటి ఆవిరే: రెండంగుళాలు ఎడం జరపండి, గది వేడి 18 డిగ్రీలకు తగ్గకుండా చూడండి, తేమ మీటరు 60 శాతం దాటితే పది నిమిషాలు కిటికీలు తెరవండి.

గోడ అడుగున చిల్లులున్న ఇటుకలను చలిగాలి వస్తోందని మూయకండి. చెక్క నేల కింద గాలి ఆడక దూలాలు పుచ్చిపోతాయి. గట్టర్ల మరమ్మతు 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం యజమాని బాధ్యత. వీలైతే వానరోజే ఇల్లు చూడ్డానికి వెళ్లి, ముందు తలెత్తి గట్టర్ అతుకుల దగ్గర నీళ్లు కారుతున్నాయేమో చూడండి. కారుతుంటే అతుకులు బాగుచేయించి ఆకులు తీయిస్తామన్న మాట యజమాని నుంచి ఈమెయిల్‌లో వచ్చాకే సంతకం పెట్టండి.