గోంగూర మాంసం పక్కన స్పెయిన్ రెడ్ వైన్

ముందే చెప్పేస్తాను. మన కారానికీ, మన పులుపుకీ తట్టుకుని నిలబడింది గర్నాచా అనే ద్రాక్షతో చేసిన వైన్. పేరు గొప్ప రియోహా ప్రాంతం వైన్ కాదు. స్పెయిన్ రెడ్ వైన్ కొందామని షాపులో నిలబడి ఏది తీసుకోవాలో తేలక ఫోన్లో వెతుకుతున్నవాళ్ళు ఇక్కడితో ఆపేసి, గర్నాచా సీసా ఒకటి పట్టుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. మిగతాది తీరికున్నవాళ్ళకి.

నాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి, రంగూ ముడతా గింజా చూసి రకం చెప్పలేకపోతే మా దగ్గర పూట గడవదు. ఆ అలవాటు వల్లేనేమో, సీసా మీద బొమ్మలూ బంగారు రంగు పతకాలూ నాకు ఆనవు. ఏ ద్రాక్ష, ఏ ప్రాంతం, పీపాలో ఎన్నాళ్ళుంది, ఈ మూడూ తెలిస్తే చాలు. కంపెనీల పేర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే. మన దగ్గర స్టాకు నిలకడగా ఉండదు. ఇవాళ చూసిన సీసా వచ్చే నెల కనపడదు. ద్రాక్ష పేరు గుర్తుంటే ఏ కంపెనీదైనా పర్లేదు.

కొన్నది విజయవాడలో, బందరు రోడ్డు పక్కన ఒక పెద్ద షాపులో. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్ళీ మొదలయ్యాక, లోపలికి వెళ్ళి సీసా చేత్తో పట్టుకుని చూసే వీలున్నవి కొన్ని వచ్చాయి. ఇదీ అలాంటిదే. లోపల ఏసీ ఉంది, కుర్రాళ్ళు మర్యాదగా మాట్లాడతారు, బిల్లు కంప్యూటర్ మీద ఇస్తారు. స్పెయిన్‌వి అడిగితే నాలుగు రకాలు చూపించారు: మామూలు టెంప్రనీయో, రియోహా క్రియాంసా, గర్నాచా, మోనస్ట్రెల్. ఇవి కాక రియోహా రెసెర్వా ఒకే ఒక్కటి ఉంది. టెంప్రనీయో, మోనస్ట్రెల్ కూడా ద్రాక్ష పేర్లే; క్రియాంసా, రెసెర్వా అన్నవి నిలవ చేసిన కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు. మనం రియోహా అంటే వాళ్ళకి అర్థం కాలేదు. రియోజా అని అడగండి, వెంటనే తీస్తారు.

షాపుతో నా పేచీ ఒక్కటే. వైన్ అల్మరా రోడ్డు వైపు అద్దానికి ఆనించి పెట్టారు. మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ నేరుగా దాని మీదే. రాత్రి షాపు కట్టేశాక ఏసీ కూడా ఉండదు కదా. రెసెర్వా సీసా చేతికి తీసుకుని మూత మీద రేకును బొటనవేలితో నొక్కి చూశాను. కార్కు సీసా అంచు దాటి పైకి ఉబికి ఉంది. వేడికి లోపల ద్రవం వ్యాకోచించి కార్కును తోసిందన్నమాట. అలాంటి సీసాలో పండు రుచి పోయి, మాడిన జామ్ వాసన వచ్చే అవకాశం ఎక్కువ. "పాతది సార్, పాతదైతేనే కదా మంచిది" అన్నాడు కుర్రాడు. పాతది కావడం వేరు, ఉడికిపోవడం వేరు అని చెప్పి పక్కన పెట్టేశాను. మే నెలలో విజయవాడలో వైన్ కొనే ఎవరైనా ఈ ఒక్క పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వొద్దు. మరమూత ఉన్న సీసా అయితే ఈ పరీక్ష కుదరదు, మూత చుట్టూ జిగట కారిందేమో చూసుకోవాలి.

ధర సంగతి: స్పెయిన్‌లో సూపర్‌మార్కెట్లో నాలుగైదు యూరోలకు దొరికే తరహా గర్నాచాకి ఇక్కడ రెండు వేల పైన అయింది. బయటి వైన్ మీద ఏళ్ళ తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేస్తూ వచ్చారు, దాని పైన రాష్ట్రం పన్నులు. షాపువాడిని తిట్టి లాభం లేదు.

పటమటలో మా బావమరిది ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం మూడు సీసాలు తెరిచాం. మా చెల్లెమ్మ, అంటే వాళ్ళావిడ, గోంగూర మాంసం, వేట మాంసం మిరియాల వేపుడు, నాటుకోడి పులుసు చేసింది. వేపుడు తప్ప మిగతా రెండింట్లో కారం నా కొట్లోదే, ఘాటైన తేజ రకం మిర్చి ఎక్కువ పడింది. కాబట్టి ఇది తేలిక పరీక్ష కాదు.

మొదట రియోహా క్రియాంసా. రియోహా అంటే ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది పక్క ప్రాంతం. అక్కడ రెడ్ వైన్‌కి ముఖ్యమైన ద్రాక్ష టెంప్రనీయో. తొందరగా పక్వానికి వచ్చే రకం. ఇదే ద్రాక్షని రిబేరా దెల్ డువేరోలో తింతో ఫినో అంటారు, తోరోలో తింతా దె తోరో, వాల్దెపెన్యాస్‌లో సెన్సిబెల్. లేబుల్ మీద ఈ పేర్లు కనిపిస్తే వేరే ద్రాక్ష అనుకుని రెండోసారి కొనకండి. రియోహావాళ్ళు దీన్ని తరచుగా ఒంటరిగా వదలరు. రంగుకి బాడిగ మిర్చి, ఘాటుకి తేజ కలిపి ఇంటికి కారం పట్టించుకున్నట్టే, నోట్లో నిండుదనానికీ ఆల్కహాలుకీ గర్నాచా, వాసనకీ పులుపుకీ గ్రాసియానో, ఇంకొంచెం పులుపుకీ వగరుకీ మాసువేలో కలుపుతారు. మా సీసాలో టెంప్రనీయోనే ఎక్కువ, మిగతావి కొసరు.

రియోహా రుచిలో సగం పీపాదే. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్స్ తోటల్ని నాశనం చేస్తే బోర్డో వ్యాపారులు సరుకు కోసం రియోహా దారి పట్టారు. 225 లీటర్ల పీపాల్లో నిలవ చేసే పద్ధతి అక్కడ బాగా స్థిరపడింది ఆ కాలంలోనే. తర్వాత అమెరికా ఓక్ పీపాలు ఎక్కువగా వాడారు. వెనిల్లా, కొబ్బరి వాసన అందులోంచే వస్తుంది. నిలవ చేసే కాలానికి నియమాలున్నాయి. క్రియాంసా అంటే కనీసం రెండేళ్ళు, అందులో ఒక ఏడాది పీపాలో. రెసెర్వా మూడేళ్ళు, గ్రాన్ రెసెర్వా ఐదేళ్ళు. సీసా వెనక చిన్న సీలు ఉంటుంది, రంగు చూస్తే తెలిసిపోతుంది: మామూలుదానికి ఆకుపచ్చ, క్రియాంసాకి ఎరుపు, రెసెర్వాకి ముదురు మెరూన్, గ్రాన్ రెసెర్వాకి నీలం. షాపులో ఎవరూ ఇది చెప్పరు, మనమే చూసుకోవాలి.

ఇంత ఘనత ఉన్న క్రియాంసా గోంగూర ముందు తేలిపోయింది. మొదటి గుటక బాగుంది, చెర్రీ పండు, కొద్దిగా పొగాకు వాసన. చిలకలూరిపేట వైపు పొగాకు బారన్లు చూసినవాళ్ళకి ఆ వాసన పోల్చుకోవడం కష్టం కాదు. ముద్ద నోట్లో పెట్టి మళ్ళీ తాగగానే పండంతా పోయి చెక్క, వగరు మిగిలాయి. కారం మండుతున్న నాలుక మీద వగరు ఇంకా గరుగ్గా తగులుతుంది. గోంగూర పులుపు ముందు వైన్ పులుపు ఆనలేదు, చప్పబడింది. "బావా, దీనికన్నా మజ్జిగ నయం" అన్నాడు మా బావమరిది. అదే క్రియాంసాని మిరియాల వేపుడుతో తాగమన్నాను. అక్కడ మాట మారింది. మాంసం కొవ్వు, ఉప్పు కలిసి వగరును మెత్తబరిచాయి, మిరియం వాసనతో పీపా వాసన చక్కగా కుదిరింది. కాబట్టి క్రియాంసా చెడ్డదని కాదు, పచ్చళ్ళూ పులుసులూ లేని పూట తీయాలి. రెసెర్వా హైదరాబాద్‌లో ఒక చుట్టాలింట్లో తాగాను, అది ఇంకా నాజూకు. దాన్ని కారం ముందు పెట్టడం డబ్బు పారబోసుకోవడమే.

ఇక గర్నాచా. పుట్టిల్లు స్పెయిన్‌లోని అరగోన్ ప్రాంతం అంటారు. ఫ్రాన్స్‌లో దీన్నే గ్రెనాష్ అంటారు. పలుచటి తోలు, అందుకే రంగు తక్కువ, వగరు తక్కువ. ఎండకి బాగా పండి చక్కెర పట్టేస్తుంది కాబట్టి ఆల్కహాలు పద్నాలుగు, పదిహేను శాతం దాకా పోతుంది. చాలాకాలం దీన్ని ఎందులోనో కలపడానికి పనికొచ్చే చవక ద్రాక్షగానే చూశారు. 1980ల చివర్లో స్పెయిన్‌లోని ప్రియోరాత్ ప్రాంతంలో కొందరు నల్లపలక రాతి నేలల్లోని పాత తీగల నుంచి గొప్ప వైన్ తీశాక దీని పరువు పెరిగింది. ప్రియోరాత్ సీసా ధర మన లెక్కలో లేదు గానీ, అరగోన్‌లోని కాంపో దె బోర్హా, కలతాయూద్ అనే ప్రాంతాల పేర్లు గుర్తుపెట్టుకోండి. మాది కలతాయూద్ సీసా.

ఎండు స్ట్రాబెర్రీ, కొంచెం తెల్ల మిరియం. పీపా వాసన దాదాపు లేదు. చక్కెర లేకపోయినా పండు వల్ల తియ్యగా ఉన్నట్టు అనిపిస్తుంది, ఆ తీపి భ్రమే కారానికి విరుగుడు. నా భయం గోంగూర గురించి. గర్నాచాలో సహజంగా పులుపు తక్కువ, గోంగూర దాన్ని మింగేస్తుందనుకున్నాను. మింగలేదు. కలతాయూద్ తోటలు చాలావరకు ఎత్తు మీద ఉంటాయి, రాత్రుళ్ళు చల్లబడతాయి. పగటి ఎండకి చక్కెర పట్టినా రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. అదే కాపాడింది. మా చెల్లెమ్మ మామూలుగా ముట్టదు, ఒక్క గుక్క రుచి చూసి "అన్నయ్యగారూ, ఇది మాత్రం మన కూరకి పడింది" అంది. వంట చేసిన మనిషి మాట నా మాట కన్నా ఎక్కువ లెక్క.

ఒక షరతు మాత్రం ఉంది. ఆల్కహాలు కారం మంటను పెంచుతుంది, అందులోనూ వైన్ గోరువెచ్చగా ఉంటే మరీ. రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలని ఎవరో చెబితే విని బల్ల మీద పెట్టకండి. వాళ్ళ గది వేరు, వైశాఖంలో మన గది వేరు. గర్నాచాని ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీశాం. క్రియాంసాకి అరగంట చాలు. మంచులా చల్లబరిస్తే వగరు ముందుకొస్తుంది, వాసన చచ్చిపోతుంది. సీసా పట్టుకుంటే చల్లగా తగలాలి, అంతే. గ్లాసులో ఐసు ముక్కలు వేస్తానన్నాడు బావమరిది, వద్దన్నాను, వేసుకున్నాడు. ఆయనిష్టం.

మోనస్ట్రెల్ గురించి ఎక్కువ చెప్పను. ఆగ్నేయ స్పెయిన్‌లో హుమియా, యెక్లా, అలికాంతే వైపు పండుతుంది. ఫ్రాన్స్‌లో మూర్వేద్ర అంటారు. వాన తక్కువ, ఎండ విపరీతం, ఆలస్యంగా పక్వానికొచ్చే ఈ రకానికి ఆ ఎండే కావాలి. ముదురు రంగు, నల్ల పండ్ల రుచి, గట్టి వగరు. నాటుకోడి పులుసుతో మరీ బరువైపోయింది, కడుపు నిండిపోయిన భావన. సగం సీసా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు గుంటూరులో మీగడ వేసిన ఉలవచారు అన్నంతో తాగాను. గాలి తగిలి వగరు కాస్త దిగింది, మీగడ మిగతాది చూసుకుంది. ఉలవచారు ప్రియులు ఒకసారి ప్రయత్నించదగ్గదే. మధ్యాహ్నం మాత్రం తెరవొద్దు.

దొరకనిది మెంసియా. వాయవ్యంలో బియెర్సో, రిబేరా సాక్రా ప్రాంతాల ద్రాక్ష. తేలిక, సువాసన ఎక్కువ, పులుపు కూడా ఉంటుంది. రొయ్యల వేపుడుకి అది పడుతుందని నా అంచనా. షాపు యజమానిని అడిగాను. "ఒక్కరి కోసం కేసు తెప్పించలేం సార్, ఆరుగురు చెప్పండి చూద్దాం" అన్నాడు. కావాలనుకునేవాళ్ళు వెళ్ళినప్పుడు అడగండి, మాట పడి ఉంటుంది.

షాపుకి ఐదుకి మూడు ఇస్తాను. ఎంపిక, మాట తీరు బాగున్నాయి. ఆ అల్మరా లోపలి గోడ వైపు జరిపితే నాలుగు. అప్పటిదాకా అక్కడ మరమూత గర్నాచా కొంటాను, కార్కు పెట్టిన ఖరీదైనవి కొనను.