పిల్లర్ అండ్ స్క్రోలా, స్టెన్సిల్ స్తంభాలా?

చెక్క చక్రాల పాత అమెరికన్ గడియారం ఒక్కటైనా ఇంట్లో ఉండాలనుకునేవాళ్ళు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే తటపటాయిస్తారు. పిల్లర్ అండ్ స్క్రోల్ అంటే నెత్తిన హంస మెడల్లాంటి వంపులు, మూడు ఇత్తడి కలశాలు, సన్నటి స్తంభాలు, నాజూకు కాళ్ళు. కనెక్టికట్‌లోని ప్లిమత్‌లో ఉంటూ 1816లో షెల్ఫ్ గడియారానికి పేటెంట్ తీసుకున్న ఎలై టెర్రీ పేరు చెప్పగానే గుర్తొచ్చే పెట్టె ఇదే. రెండోది 1830ల నాటికి జోరందుకున్న లావాటి అర్ధస్తంభాల పెట్టె. నల్లరంగు మీద స్టెన్సిల్ (కత్తిరించిన అచ్చు) పెట్టి బంగారువన్నె పొడితో అద్దిన పూలూ పళ్ళూ దాని సింగారం.

లోపల చూస్తే రెండూ దాయాదులే. ఓక్ పలకల మధ్య చెర్రీ చక్రాలు, రెండు ఇనప బరువులు. ఎక్కువవాటికి ముప్పై గంటల నడకే కాబట్టి రోజూ కీ ఇవ్వాల్సిందే.

అందమూ ధరా మొదటిదానివే, సందేహం లేదు. అసలు చిక్కూ అక్కడే. ముందు విరిగేవి ఆ కాళ్ళూ వంపులూ కలశాలే, పగిలేది తలుపులోని బొమ్మల గాజే. దాదాపు రెండు వందల ఏళ్ళలో ఎవరెవరు ఏం మార్చారో! గడియారాన్ని ఆపి, బరువులు తీసి, కాళ్ళ అడుగు చూడండి. గీతపడ్డ చోట తెల్లటి కొత్త చెక్క బయటపడితే అది నిన్నమొన్నటి పని. డయల్‌లో కీ రంధ్రాలు లోపలి ఇరుసులకు ఎదురుగా లేకపోయినా, పెట్టెలో వాడని పాత రంధ్రాలున్నా, యంత్రం వేరే గడియారానిది కావచ్చు.

పెట్టె లోపల అంటించిన కాగితం లేబుల్‌ను చివరిదాకా చదవాలి. కనిపెట్టింది టెర్రీ, చేసింది సేత్ థామస్ అని అచ్చువేసినవీ ఉన్నాయి. పైపేరు చూసి మురిసిపోతే జేబుకు చిల్లే.

అతుకులేసిన పిల్లర్ అండ్ స్క్రోల్ కంటే, లేబుల్ చెక్కుచెదరని స్టెన్సిల్ గడియారానికే నా ఓటు. విశాఖ ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం రెండూ వద్దు. తేమకు చెక్క ఉబ్బుతుంది. అప్పట్లో వీటిని ఓడల్లో పంపడానికి భయపడిందీ అందుకే. 1837 అమెరికా మాంద్యం తర్వాత అక్కడి గడియారాల తయారీదారు చాన్సీ జెరోమ్ తెచ్చిన, ఇత్తడి యంత్రాల ఓజీ (S వంపు చట్రం) గడియారమైతే నిశ్చింత, చవక కూడా.

చెక్కదే కొన్నారా, కీ ఇచ్చే ముందు పాత తాళ్ళు మార్పించండి. తాడు తెగి బరువు పడిందంటే పెట్టె అడుగు పగలొచ్చు.