అండమానా, లక్షద్వీపా, మాల్దీవులా: అనంతపురం నుంచి మొదటిసారి దీవికి పోవాలంటే ఏది మేలు?

మా అమ్మకు అరవై రెండేళ్ళు. మొన్న జనవరి దాకా ఆమె సముద్రం చూడలేదు. చెరువు నిండిందంటే ఊరంతా కట్ట మీదికి పోయి చూసొచ్చే సీమ మాది. ఏడాది మొత్తం కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ. అందుకే ఆమెను ఒక్కసారైనా నాలుగు దిక్కులా నీళ్ళుండే చోటికి తీసుకుపోవాలని నాకు ఎన్నాళ్ళ నుంచో ఉండేది. చెనక్కాయ డబ్బులు చేతికొచ్చాక మూడు చోట్లను లెక్కేసుకున్నాం. చివరికి అండమాన్ వెళ్ళొచ్చాం. మాల్దీవుల సంగతి పెళ్ళయిన కొత్తలో వెళ్ళిన మా మరదలు, తోడల్లుడు చెప్పారు. లక్షద్వీప్ గురించి నా స్నేహితుడు చెప్పాడు.

ముందు ప్రయాణం. మన అనంతపురం, హిందూపురం వాళ్ళకు ఒక సుఖం ఉంది. బెంగళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్ళి దగ్గర, మనం పోయే హైవే పక్కనే ఉంటుంది. ఊళ్ళోకి దిగి ట్రాఫిక్‌లో ఇరుక్కునే పని లేదు. అక్కడి నుంచి అండమాన్‌కు, మాల్దీవులకు నేరుగా విమానాలున్నాయి. రెండూ రెండు, రెండున్నర గంటల దారే. కడప వాళ్ళు చెన్నై నుంచి కూడా ఎక్కొచ్చు. చెన్నై, విశాఖ నుంచి అండమాన్‌కు ఓడ కూడా ఉంది గానీ మూడు రోజుల దాకా పడుతుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో అది వద్దనే చెబుతాను.

లక్షద్వీప్‌కు మాత్రం ఎక్కువమంది కొచ్చి మీదుగానే పోతారు. అక్కడి నుంచి అగత్తి దీవికి చిన్న విమానం, లేదా ఓడ. ఓడైతే ఒక రాత్రంతా ప్రయాణం. పైగా మన దేశంలోదే అయినా అక్కడికి మనకూ పర్మిట్ కావాలి. అది చేతికొచ్చేదాకా టెన్షనే. 36 దీవుల్లో జనం ఉండేవి పదే, అందులోనూ టూరిస్టులను అనుమతించేవి కొన్నే. ఆ కట్టుబాటు వల్లే అక్కడి నీళ్ళు అంత తేటగా ఉన్నాయని మా స్నేహితుడు అంటాడు. ఫోటోలు చూస్తే నిజమే అనిపిస్తుంది, అందంలో దానికే మొదటి మార్కు. మరి ఎందుకు పోలేదంటే, చాలా దీవుల దగ్గర నీళ్ళు లోతు లేక ఓడ ఒడ్డుకు రాదు. కదిలే ఓడలోంచి కదిలే పడవలోకి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను అలా దింపడానికి నాకు ధైర్యం చాలలేదు. వయసులో ఉన్నవాళ్ళు, ఈత వచ్చినవాళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని లక్షద్వీప్‌కే పోండి.

మాల్దీవులకు పాస్‌పోర్టు, తిరుగు టికెట్, గది బుకింగ్ ఉంటే చాలు, వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు. బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి, అంతే. ఖర్చు దగ్గరే జాగ్రత్త. మా మరదలు వాళ్ళు రిసార్టు రేటు చూసి బుక్ చేశారు. ఎయిర్‌పోర్టు నుంచి రిసార్టుకు తీసుకుపోయే సీప్లేన్ (నీళ్ళ మీద దిగే చిన్న విమానం) డబ్బు వేరే అని తర్వాత తెలిసింది. ఆ సీప్లేన్లు పగలే ఎగురుతాయి. వీళ్ళు దిగేసరికి పొద్దుపోయింది, ఆ రాత్రి రాజధాని మాలేలో ఇంకో గది తీసుకోవాల్సి వచ్చింది. బుక్ చేసిన ఏజెంటు ఈ రెండిట్లో ఒక్కటీ ముందు చెప్పలేదు. ఇవి కాక 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ టాక్స్ ఉంది. నలుగురు నాలుగు రాత్రులుంటే ఆ పన్నే 192 డాలర్లు. మాఫుషి లాంటి జనం ఉండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకుంటే చాలా తగ్గుతుంది. కానీ రిసార్టంటే ఒక దీవి, ఒక హోటలు. కొత్త జంటకు అదే కావాలి. మా అమ్మకైతే రెండో రోజే పొద్దుపోదు.

అండమాన్‌లో పొద్దుపోకపోవడమనే మాటే రాలేదు. 2024లో అక్కడి రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. బజారులో ఎవరో తెలుగులో మాట్లాడుకుంటుంటే అమ్మ ఆగిపోయి, "ఏ ఊరు నాయనా మీది?" అని పలకరించింది. అన్నం, పప్పు, రసం దొరుకుతాయి. మేము తీసుకుపోయిన చెనక్కాయల పొడి సగం వెనక్కే తెచ్చాం.

సెల్యులార్ జైలు 1906లో పూర్తయింది. గదుల వరసలు ఏడింటిలో ఇప్పుడు మిగిలినవి మూడే. గదిలో కిటికీ మనిషికి అందనంత ఎత్తులో ఉంటుంది. ఒక వరస ముఖం ఇంకో వరస వీపుకు ఎదురుగా ఉండేలా కట్టారు, ఖైదీలు ఒకరికొకరు కనబడకుండా. అమ్మ ఒక గదిలో నిలబడి పైకి చూసి, "ఇంత సముద్రం పెట్టుకోని సముద్రం కనపడకుండా కట్టినారే" అంది. ఆ గదిలోంచి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు.

స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) రాధానగర్ బీచ్ ఇసుక తెల్లగా, మెత్తగా ఉంటుంది. లోతు మెల్లగా పెరుగుతుంది కాబట్టి అమ్మ మా పాప చెయ్యి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగింది. అక్కడ జనవరిలో అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం నిద్ర మానుకుని త్వరగా పోండి. కొన్ని బీచ్‌ల దగ్గర మొసళ్ళ హెచ్చరిక బోర్డులుంటాయి. అవి ఉన్నచోట నీళ్ళలో కాలు పెట్టొద్దు. జారవా ఆదివాసులు ఉండే అడవి దారిలో పోవాల్సి వస్తే వాళ్ళను ఫోటోలు తీయడం నేరం. చట్టం సంగతి అటుంచి, అలా తీయడం తప్పు కూడా.

కాలం చూసుకోవడం ముఖ్యం. మనకు ఐదేళ్ళలో పడేంత వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. మే రెండో సగం నుంచి మొదలవుతుంది కాబట్టి వేసవి సెలవులు, దసరా సెలవులు నమ్ముకోవద్దు. సంక్రాంతి సెలవులు సరిగ్గా సరిపోతాయి, కాకపోతే అందరూ అప్పుడే వస్తారు. దసరాకల్లా విమానం టికెట్లు తీసుకోవాలి. ఆ వెంటనే దీవుల మధ్య తిరిగే ఫెర్రీ టికెట్లు తీసుకోండి. శ్రీవిజయపురంలో దిగగానే దూరపు దీవులకు పోయి, చివరి రాత్రికి మళ్ళీ అక్కడికే చేరండి. గాలి బాగలేక ఫెర్రీ ఒక పూట ఆగినా విమానం తప్పిపోదు.