రంగులు జత కలపడం నేర్పడానికి ఏది మేలు: గ్లేజు కాగితమా, లైనింగు ముక్కలా, పూసలా?

మూడేళ్ల పిల్లకి రంగులు నేర్పాలనగానే మన పర్లాకిమిడిలో ఎక్కువమంది తల్లులు కొనేవి రెండే: గ్లేజు కాగితాల కట్ట, గమ్ము సీసా. ఆపిల్ బొమ్మ గీసి ఎర్ర ముక్కలు అంటించమంటారు, ఆకు గీసి ఆకుపచ్చవి అంటించమంటారు. సాయంత్రానికి గోడకి తగిలించుకోడానికో బొమ్మ తయారు. ప్లేస్కూళ్లలోనూ ఇదే తంతు. నన్నడిగితే, రంగులు వేరు చేయడం నేర్పే పనుల్లో దీన్ని మూడో స్థానంలో పెడతాను. మొదటిది దర్జీ దగ్గర మిగిలిపోయే లైనింగు గుడ్డ. రెండోది పూసలు, అవీ నాలుగేళ్లు వచ్చాకే.

రంగులు రావడమంటే ఒక్క పని కాదు. ఎర్ర ముక్క పక్కన ఎర్ర ముక్క పెట్టడం ఒకటి. కలగాపులగంగా ఉన్న కుప్పలోంచి ఎర్రవి ఇటు, పసుపువి అటు తీయడం ఇంకొకటి. పేరు చెప్పడం మూడోది, సాధారణంగా ఆఖరున వచ్చేదీ అదే. మనం మాత్రం పేరుతోనే మొదలెడతాం. ఈ ఊళ్ళో అది మరీ చిక్కు: ఒడిశాలో ఉన్నాం కనక, ఇంట్లో ఎరుపు, అంగన్‌వాడీలో ఒడియాలో నాలి, కాన్వెంటుకెళ్లే పక్కింటి అన్నయ్య నోట రెడ్డు. పసుపుకీ అంతే, హళదియా అనొకరు, యెల్లో అనొకరు. మూడు పేర్ల మధ్య బిడ్డ తడబడితే రంగే తెలీదనుకుంటాం. అదే బిడ్డ చేతికి గుడ్డముక్కలిచ్చి చూడండి, ఇట్టే జత కలిపేస్తుంది. ఈ ఊళ్ళోనే మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు, సవర గిరిజన పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. మన పని అంతకంటే తేలిక, జత కలిపే చేతికి భాషతో పనే లేదు.

కాబట్టి నేను చూసే కొలత ఒక్కటే: పిల్ల ఒక ముక్క పెట్టి, మనసు మార్చుకుని, తీసి ఇంకోచోట పెట్టుకోగలదా లేదా?

కాగితం పని అక్కడే దెబ్బతింటుంది. పిల్లాడు పసుపు ముక్కకి బంక రాసి ఆకు బొమ్మ మీద పెడతాడు. ఒక క్షణం చూసి, కాదనుకుని తీయబోతాడు. ముక్క రాదు, వచ్చినా సగం చిరిగి వస్తుంది. వేలికంతా బంక. చొక్కాకి తుడుచుకుంటాడు, ఇంకా జిగట పోదు, ఇక రెండు వేళ్లు కలిపి విడదీస్తూ ఆ బంక తీగలా సాగడం చూస్తూ కూర్చుంటాడు. అదీ ఆటే, చక్కగా ఆడుకోనివ్వండి. కాని రంగుల పాఠం అక్కడితో సరి. వాడు తనంతట తాను దిద్దుకోబోయిన తప్పు కాగితానికి అతుక్కుపోయింది. ఆ తర్వాత టీచరమ్మ వచ్చి ఆ ముక్క మీద ఆకుపచ్చ ముక్క అంటించి సరిచేస్తుంది. గోడ మీద కనిపించే బొమ్మల్లో సగం పనితనం పెద్దవాళ్లదే, ఇది అందరికీ తెలిసిన రహస్యం.

తల్లిదండ్రులకి మాత్రం ఆ బొమ్మే కావాలి. "ఏటండీ, నెల్లాళ్లయింది, ఒక్క కాగితమూ ఇంటికి తేలేదు, బళ్ళో ఏటి సేత్తన్నాడు?" అని నిలదీసేవాళ్లుంటారు. వాళ్ల తప్పు కాదు. గుడ్డముక్కలు వేరు చేసి మళ్లీ కలిపేసి బుట్టలో పడేస్తే చూపించడానికి ఏమీ మిగలదు. అలాంటివాళ్ల కోసం వారానికోసారి కాగితం పని పెట్టుకోవచ్చు, ఒక్క షరతు మీద. ముందు కాగితాలు చింపాలి, చింపిన ముక్కలు రంగు ప్రకారం గిన్నెల్లో వేయాలి, గిన్నెలన్నీ సర్దుకున్నాకే బంక బయటికి తీయాలి. చేత్తో కాగితం చింపడం వేళ్లకి మంచి కసరత్తు కూడా, కత్తెర దాకా వెళ్లక్కర్లేదు.

ఇక లైనింగు. మ్యాచింగ్ సెంటర్‌లో మనం చేసేది గుర్తు తెచ్చుకోండి. చీర పట్టుకుని కౌంటరు ముందు నిలబడితే, కొట్టబ్బాయి అరలోంచి తానులు లాగి చీర అంచు పక్కన పరుస్తాడు. ట్యూబులైటు కింద అన్నీ కలిసినట్టే ఉంటాయి. అప్పుడు చీరా, తానూ పట్టుకుని గుమ్మంలోకొచ్చి పగటి వెలుతురులో చూస్తాం, నాలుగింట్లో మూడు తేలిపోతాయి. రెండు రకాల అద్దకాలు ఒక దీపం కింద ఒకేలా కనిపించి, ఇంకో వెలుగులో వేరుగా కనిపించడం మామూలే, ఎందుకంటే ట్యూబులైటు వెలుగులో కలిసున్న రంగుల పాళ్లు, ఎండలో ఉన్న పాళ్లు ఒకటి కావు. అందుకని రంగుల పని ఎప్పుడూ కిటికీ దగ్గరో అరుగు మీదో, పగటిపూటే పెట్టండి. నాలుగేళ్లు దాటిన పిల్లలకైతే ముక్కలు గుమ్మంలోకి తెచ్చి చూడటం కూడా నేర్పండి. అంతా అమ్మతో బట్టల కొట్టుకి వెళ్లినవాళ్లే, ఆ పని మన కంటే గంభీరంగా చేస్తారు.

గుడ్డ ఎంచుకోడంలో ఒక జాగ్రత్త ఉంది. ఎర్రది పట్టు, నీలంది నూలు అయితే పిల్లలు కళ్లతో కాదు, వేళ్లతో వేరు చేస్తారు. తెలివే, కాని మనం నేర్పేది అది కాదు. అన్నీ ఒకే రకం నూలు లైనింగు అయ్యుండాలి, అన్నీ ఒకే కొలత, అరచెయ్యంత. పూలూ చుక్కలూ ఉన్నవి వద్దు. నోట్లో పెట్టుకుంటారు కనక రంగు దిగడం ఆగేదాకా ఉతకాలి, అంచు దారాలు కత్తిరించాలి. మొదట ఎరుపు, నీలం, ఈ రెండే. తర్వాత పసుపు. ఎరుపునీ నారింజనీ మొదటి రోజే పక్కపక్కన పెట్టి బిడ్డని తికమక పెట్టకండి. రెండు చేటల్లో వేరు చేయడం వచ్చాక ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులిచ్చి, రంగు వరసలో తోరణం కట్టమనండి. క్లిప్పు నొక్కే ఆ రెండు వేళ్లే రేపు పెన్సిలు పట్టేవి. నచ్చకపోతే క్లిప్పు తీసి మార్చుకోవచ్చు, దీనికే నేను ఓటు వేసేది.

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి రూపొందించిన రంగు పలకల గురించి వినే ఉంటారు. మొదటి పెట్టెలో ఎరుపు, పసుపు, నీలం, మూడే జతలు. రెండో పెట్టెలో పదకొండు జతలు. మూడో పెట్టెలో తొమ్మిది రంగులకి ఏడేసి ఛాయలు, మొత్తం 63 పలకలు. ఇప్పుడవి పెయింటు వేసిన చెక్కలు గాని, ఆవిడ తొలి రోజుల్లో వాడినవి రంగు పట్టుదారమో ఉన్నిదారమో చుట్టిన పలకలు. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకి వచ్చి మన దేశంలో టీచర్లకి శిక్షణ కూడా ఇచ్చారు. బరంపురంలో పట్టు నేసే చుట్టాలుంటే మిగులు దారం అడిగి తెచ్చుకోండి. అట్టముక్కకి దగ్గరగా చుట్టి కొస వెనక అంటిస్తే అచ్చం ఆ పలకే. ఎరుపులోనే ముదురు నుంచి లేత దాకా వరస పేర్చడం ఐదేళ్ల పిల్లలకి భలే పని. చుట్టడం వాళ్ల చేతే చేయించండి, పొడుగు దారం మాత్రం వాళ్ల చేతుల్లో వదిలేయకండి.

పూసలకి ఒక గొప్పదనం ఉంది: దారం లాగితే అన్నీ జారిపోతాయి, మళ్లీ మొదలు. రెండు ఎర్రవి, ఒక తెల్లది, మళ్లీ రెండు ఎర్రవి అని వరస నడపడంలో రంగుతోపాటు లెక్కా వస్తుంది. సూది అక్కర్లేదు, బూటు లేసు చాలు. కాని చిన్నపిల్లల దగ్గర ఇవి నిప్పే. బొమ్మల భద్రత పరీక్షల్లో ఒక లెక్కుంది: దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో పూర్తిగా పట్టేసే వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు, అంటే అది కూడా ప్రమాదమే. సంతలో దొరికే పూసల సంగతి చెప్పేదేముంది. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే అది నిద్రలేచి ఆడుకునే వేళలో పూసల డబ్బా అటక మీదే ఉండాలి.

పప్పుల ఆట అంటారా, పెసలూ శనగలూ చూడ్డానికి బాగుంటాయి గాని ముక్కులో దూరాయంటే తడికి ఉబ్బి బిగుసుకుపోతాయి. గురిగింజలు అసలొద్దు, నమిలితే విషం. ప్లాస్టిక్ బొమ్మల సెట్టు కొంటే ఐఎస్ఐ గుర్తు చూసుకోండి, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి. అయితే ఆ సెట్లలో ఎరుపంటే ఒకే ఎరుపు. కుంకుమ ఎరుపు, మిరపపండు ఎరుపు, ఇటుక ఎరుపు ఒకే కుటుంబమని ఆ గిన్నెలు నేర్పలేవు.

ఐదేళ్ల పిల్లలకి మన ఊరి ఆస్తి ఒకటుంది, గంజపా. పాత గుడ్డ పొరల్ని చింతపిక్కల బంకతో అతికి, సుద్ద పూసి, గుండ్రంగా కోసి బొమ్మలు వేసే పేకముక్కలు. అఠరంగి ఆటలో ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు చొప్పున 96 ముక్కలు. బొమ్మ వెనకున్న నేల రంగు చూసి ముక్క ఏ జట్టుదో పోల్చుకుంటారు. అసలువి పిల్లల చేతికివ్వక్కర్లేదు, పెళ్లి శుభలేఖల అట్టలు గుండ్రంగా కోసి నేల రంగు వేసి మీద చేపో, పువ్వో, గుర్రమో గీయండి. ఇక్కడ పిల్ల బొమ్మని పక్కనపెట్టి రంగే చూడాలి. తర్వాత "ఇప్పుడు బొమ్మల ప్రకారం తియ్యమ్మా" అనండి. మూడేళ్ల పిల్లలు చాలామంది విన్నట్టే విని మళ్లీ రంగు ప్రకారమే తీస్తారు. ఐదేళ్ల వాళ్లు ఎక్కువమంది మారగలరు. పిల్లల మనస్తత్వం చదివేవాళ్లు ఎన్నోసార్లు చేసి చూసిన పరీక్షే ఇది, కాబట్టి చిన్నది మారలేకపోతే కసరకండి.

లైనింగు ముక్కలతో ఇంకో లాభం. అంటించే పనిలో పిల్లలు పక్కవాడిది చూసి వేసేస్తారు, ఎవరికి ఏది తెలుసో బయటపడదు. గుడ్డముక్కలు ఒక్కొక్కరికీ విడిగా ఇస్తే తెలుస్తుంది. ఐదేళ్లొచ్చినా ఒక పిల్లాడు నీలం, పసుపు చక్కగా తీసి, ఎరుపునీ ఆకుపచ్చనీ మాత్రం రోజూ కలిపేస్తుంటే మొండి అనుకోకండి. రంగుల చూపులో లోపం ఉండొచ్చు, దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం వల్ల మగపిల్లల్లోనే ఎక్కువ. కంటి డాక్టరు దగ్గర చుక్కల బొమ్మల పరీక్ష ఉంటుంది, అంకెలు రాని పిల్లలకి వేలితో దారి వెంట గీసే బొమ్మలూ ఉంటాయి.