స్కై టీమ్ ఏడాదిన్నర ఆడాక: పాచిక పెట్టే వరసే అసలు ఆట

నెల్లూరులో ఏడాదిన్నరగా కొత్తవాళ్ళకు నేర్పిస్తూ ఆడుతున్న బోర్డు ఆట ఈ స్కై టీమ్. జర్మనీలో ఏటా మేటి బోర్డు ఆటకిచ్చే స్పీల్ డెస్ యారెస్ బహుమతిని 2024లో అందుకుంది. ఆడేది ఇద్దరే, ఇద్దరిదీ ఒకటే పక్షం. పైలట్‌కు 4 నీలం పాచికలు, కో-పైలట్‌కు 4 నారింజ పాచికలు. పాచికలు వేసేముందు ఎంతైనా మాట్లాడుకోవచ్చు, వేశాక నోరు మెదపకూడదు. మార్చి మార్చి ఒక్కో పాచిక పెడుతూ 7 రౌండ్లలో విమానాన్ని దించాలి. తగాదాలన్నీ ఒక్కచోటే వస్తాయి: పెట్టిన పాచిక ఎప్పుడు పనిచేస్తుంది?

పెట్టగానే పనిచేస్తుంది. యాక్సిస్‌కీ (విమానం పక్కకు ఒరగడం) ఇంజిన్లకీ (వేగం) మాత్రం ఇద్దరి పాచికలూ కావాలి కాబట్టి రెండోది పడగానే ఫలితం తేలుతుంది. రౌండ్ అయ్యాక తీరిగ్గా లెక్కేద్దాంలే అంటే కుదరదు.

ఇంజిన్లే చూడండి. మొదట్లో నీలం గుర్తు 4కూ 5కూ మధ్య, నారింజ గుర్తు 8కీ 9కీ మధ్య ఉంటాయి. ఇద్దరి పాచికల మొత్తం 4 దాటకపోతే విమానం కదలదు, 5 నుంచి 8 అయితే విమానాశ్రయం వైపు ఒక గడి, 9 ఆపైన రెండు గడులు. ల్యాండింగ్ గేర్ (దిగే చక్రాలు) ఒకటి దించితే నీలం గుర్తు ఒక అంకె జరుగుతుంది. పైలట్ ఇంజిన్‌లో 2 పెట్టాడు, తర్వాత గేర్ దించాడు, ఆపైన కో-పైలట్ ఇంజిన్‌లో 3 పెట్టాడు అనుకోండి. మొత్తం 5, కానీ గుర్తు 5 దాటిపోయింది కాబట్టి విమానం నిలిచిపోతుంది. అదే గేర్ ఆఖర్న దించుంటే ఒక గడి కదిలేది. పాచికలు అవే, వరస మారిందంతే. ఫ్లాప్స్ (రెక్కల వెనక రేకులు) నారింజ గుర్తును ఇట్టానే జరుపుతాయి.

ఇక రేడియో. దారికి అడ్డున్న వేరే విమానాలను తీసేయడానికి పాచిక పెట్టేది ఇక్కడే. వైకుంఠపాళి ఆడి పెరిగిన చేతులకు 1 పడితే పక్క గడికి పోవడమే అలవాటు. ఇక్కడ 1 అంటే విమానం ఇప్పుడున్న గడే, 2 అంటే దాని ముందుది. అలవాటుగా లెక్కపెట్టి ఒక గడి అవతలి విమానాన్ని తీసేసినవాళ్ళు చాలామంది. ఉన్న గడిలో ఇంకో విమానం ఉన్నంతమాత్రాన ప్రమాదం లేదు. అది ఉండగా ముందుకు కదిలితేనే ఢీకొంటారు. అందుకే రేడియో పాచిక రెండో ఇంజిన్ పాచిక కంటే ముందే పడాలి. రెండు గడులు కదిలే పనైతే మధ్య గడి కూడా ఖాళీగా ఉండాలి.

యాక్సిస్ వంపు రౌండుకు రౌండుకు పోగవుతుంది. ఈసారి పైలట్ 5, కో-పైలట్ 3 పెట్టి, ఆ తేడాకి పైలట్ వైపు రెండు వంచితే, వచ్చేసారి ఒక్కటి అటే ఒరిగినా ఆట అయిపోతుంది. యాక్సిస్, ఇంజిన్లు ప్రతి రౌండ్‌లో ఇద్దరికీ తప్పనిసరి, ఒక్కటి ఖాళీగా ఉన్నా ఓటమే. అంటే ఒక్కొక్కరి 28 పాచికల్లో 14 వీటికే పోతాయి. మిగిలిన 14లో పైలట్‌కు 3 గేర్లు, 3 బ్రేకుల దాకా పని. కో-పైలట్‌కు 4 ఫ్లాప్సే. పైగా రేడియో స్థానాలు పైలట్‌కు ఒకటే, కో-పైలట్‌కు రెండు. దారి శుభ్రం చేసే భారం కో-పైలట్ మోయడమే న్యాయం.

గేర్లు ఏ వరసలోనైనా దించొచ్చు. ఫ్లాప్స్, బ్రేకులు మాత్రం వరసగానే. బ్రేకులకు కావలసిన అంకెలు 2, 4, 6. మొదటి రౌండ్లలో 2 చేతికొస్తే అప్పుడే పెట్టేయండి, ఆఖర్లో దానికోసం కాఫీ టోకెన్ ఖర్చుపెట్టాల్సి వస్తుంది. ఒక కాఫీ టోకెన్ పాచికను ఒక అంకె పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. 6ను 1గా తిప్పడం మాత్రం చెల్లదు. రీరోల్ టోకెన్ వాడితే ఇద్దరూ మళ్ళీ వేసుకోవచ్చు. ఎన్ని పాచికలన్నది ఎవరిష్టం వాళ్ళది.

చివరి రౌండ్‌లో ఇంజిన్ల మొత్తం విమానాన్ని జరపదు, బ్రేకులతో పోల్చుకోవడానికే. ఆ వేళకు విమానాశ్రయం చేరి ఉండాలి, దారిలో ఒక్క విమానం మిగలకూడదు, యాక్సిస్ సమంగా ఉండాలి. మొదటి పది ఆటలు ఆటలోని మొదటి విమానాశ్రయం మాంట్రియల్ మీదే ఆడండి. వరస చేతికి అలవాటయ్యేది అక్కడే.