రెండు వేళ్లు చూపిస్తే ఎంత? బెజవాడలో, బెజవాడ దాటాక

"ట్యాక్స్ కలిపేనా?" అని అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు తల ఒకసారి కుడిపక్కకు, ఒకసారి ఎడమపక్కకు వాలుస్తాడు. ఊరికి కొత్తవాళ్లు దాన్ని అవునని తీసుకుని సామాను పైకి పంపించేస్తారు. మర్నాడు బిల్లులో రెండు వేల గదికి ఇంకో వంద కలిసి వస్తుంది. 7,500 లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, ఆ వంద అదే. గొడవ పెట్టుకుని లాభం లేదు, కుర్రాడు అబద్ధం ఆడలేదు. "మీరు అడిగింది విన్నాను" అన్నాడు, అంతే. ఆ తలూపులో ట్యాక్స్ ఊసే లేదు.

బెజవాడలో, గుంటూరులో బయటివాళ్లకు జరిగే చిన్న చిన్న నష్టాల్లో చాలా వాటికి మూలం ఇదే. మోసం చేయాలన్న ఉద్దేశం ఉండక్కర్లేదు. ఒకరు సైగ చేస్తారు, ఇంకొకరు దాన్ని తమ ఊరి లెక్కలో చదువుకుంటారు. అంతర్జాలంలో దొరికే సలహాలు దీన్ని ఇంకా చెడగొడతాయి. "భారతీయులు తల అడ్డంగా ఊపితే అవునని అర్థం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది తప్పు. మనం అడ్డంగా తిప్పితే లేదనే. అవుననేది అడ్డంగా తిప్పడం కాదు, పక్కకు వాల్చడం. చెవి భుజం వైపు దిగుతుంది, ముక్కు ఎదుటి మనిషి వైపే ఉంటుంది. ముక్కు పక్కకు తిరిగిందంటే లేదు. ఇంత తేలిక గుర్తు ఏ పుస్తకంలోనూ రాయరెందుకో.

వాల్చడంలోనూ రకాలున్నాయి. మెల్లగా, అటూ ఇటూ, ఆగకుండా వాలుస్తుంటే వింటున్నానని. గంగిరెద్దు తలూపు ఇదే, దీన్ని ఒప్పుకోలు అనుకుంటే మునిగినట్టే. ఒక్కసారి గట్టిగా వాల్చి ఆపి, కళ్లలోకి చూస్తే సరే, ఖాయం. పెదాలు బిగించి, చూపు బల్ల మీదికి దించి వాల్చాడంటే "చూద్దాం లెండి", అంటే పని కాదు. మొహం మీద కాదనలేక చేసేది అది. గడ్డం పైకెత్తి కనుబొమ్మలు ఎగరేస్తే "ఏంటి?" అని ప్రశ్న. చెయ్యి వెల్లకిలా తిప్పి మణికట్టు విదిలిస్తే లేదని. చిల్లర లేదు, సరుకు లేదు, బండి రాలేదు, అన్నిటికీ ఆ విదిలింపే.

రిసెప్షన్‌లో నోటితో చెప్పించుకుని రసీదు మీద రాయించుకోవాల్సినవి మూడు. ట్యాక్స్ కలిపా విడిగానా. గది 24 గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండు లెక్కా. అదనపు మనిషికి ఎంత. మూడింట్లో ఎక్కువ బాధపెట్టేది రెండోది. తెల్లవారుజామున రైలు దిగి నాలుగింటికి గది తీసుకున్నవాడికి పన్నెండు లెక్కయితే ఎనిమిది గంటల్లోనే ఒక రోజు అయిపోతుంది. "అవునా కాదా" అని అడిగితే మళ్లీ తలే ఊపుతారు. "రేపు ఎన్నింటికి ఖాళీ చేయాలి?" అని అడగండి. దానికి తలతో జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆటో దగ్గర తల కంటే వేళ్లు ప్రమాదం. స్టేషన్ బయట "గాంధీనగర్ ఎంత?" అంటే డ్రైవరు రెండు వేళ్లు ఎత్తుతాడు. షేర్ ఆటో అలవాటున్నవాడు ఇరవై అనుకుంటాడు, డ్రైవరు లెక్కలో రెండు వందలు. అది దాటినా ఇంకో చిక్కు ఉంది, మనిషికా, మొత్తానికా? నలుగురు ఎక్కి దిగాక రెండు వందలు ఇస్తే "మనిషికి చెప్పాను సార్" అన్న మాట వినపడుతుంది. అప్పటికి పిల్లలకు ఆకలి, పెద్దవాళ్లకు విసుగు, ఎవరో ఒకరు "ఇచ్చేయండి" అంటారు. ఇక్కడ తప్పు ఎవరిదని వాదించను. ఆ అస్పష్టత ఉద్దేశపూర్వకమైన సందర్భాలూ లేకపోలేదు. ఎక్కకముందే "నలుగురికీ కలిపి రెండు వందలు" అని పూర్తి వాక్యం మీరే చెప్పాలి. విదేశీయులైతే ఫోన్‌లో 200 అని కొట్టి చూపించడం మేలు.

వేళ్లతో ధర చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. పశువుల సంతలో తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరం తెగ్గొడతారు. అక్కడ ఇద్దరికీ లెక్క తెలుసు, పదులా వందలా వేలా అన్నది పశువును చూస్తేనే తెలిసిపోతుంది. ఆటోలో ఆ ఉమ్మడి లెక్క లేదు.

బెజవాడ ఆటోనగర్ వ్యాపారులు సరుకు కోసం చైనా వెళ్తే ఇదే చిక్కు వాళ్లకు ఎదురవుతుంది. అక్కడ ఒంటి చేత్తో పదిదాకా లెక్క చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. మనవాళ్లు దాన్ని రెండు అనుకుంటారు. రెండుకీ ఎనిమిదికీ తేడా ఉన్నచోట క్యాలిక్యులేటర్ చేతికివ్వడమే దారి. జర్మనీలో లెక్క బొటనవేలితో మొదలవుతుంది, కాబట్టి అక్కడ అదే సైగ నిజంగానే రెండు.

రెండు టీలు చెప్పడానికి మనం చెయ్యి ఎలాగైనా తిప్పి రెండు వేళ్లు ఎత్తుతాం. లండన్‌లో, సిడ్నీలో అరచేయి మనవైపు పెట్టి ఎత్తితే అది బూతు. 1992లో అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్ కాన్‌బెరాలో విజయచిహ్నం అనుకుని సరిగ్గా ఇదే చేసి నవ్వులపాలయ్యారు. అరచేయి ఎదుటివారి వైపు ఉంటే చాలు. గ్రీసులో ఇది తిరగబడుతుంది. ఐదు అని చెప్పడానికి వేళ్లు విప్పి అరచేయి మొహం మీదికి చాపితే అక్కడ తిట్టు. మన దేవుళ్ల అభయహస్తాన్ని ముందుకు తోస్తే ఏథెన్స్‌లో తగువు మొదలవుతుంది. అక్కడ ఐదు చూపాలంటే అరచేయి మీవైపే తిప్పుకోవాలి.

భోజనం సంగతి. ఇక్కడి మెస్సుల్లో వడ్డించేవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, ఇంత మర్యాదగా మారు వడ్డించే ఊరు తక్కువ. చిక్కల్లా "చాలు" అని చెప్పడం రాకపోవడమే. నోటితో ఒకసారి చాలంటే మొహమాటం అనుకుంటారు. అరచేయి నిలువుగా చూపితే కాస్త ఆగమన్నారనుకుని రెండు నిమిషాల్లో మళ్లీ వస్తారు. కుడిచెయ్యి బోర్లా పెట్టి విస్తరి మీద గొడుగులా పట్టి, కొద్దిగా ముందుకు వంగాలి. గరిటె అప్పుడు ఆగుతుంది. నెయ్యి గిన్నె మాత్రం అప్పుడూ ఒక చుక్క వేసే పోతుంది. ఎడంచెయ్యి నీళ్ల గ్లాసుకే పనికొస్తుంది, కూర గిన్నె అందించడానికి వాడితే పక్కవాడు మొహం చిట్లిస్తాడు. గుంటూరు కారానికి నోరు మండి చేత్తో విసురుకుంటే మంచినీళ్లు తెస్తారు. నీళ్లతో ఆ మంట పోదు. మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, పెరుగులోని కేసీన్ దాన్ని పట్టుకుని లాగేస్తుంది. "పెరుగు" అన్న ఒక్క మాట నేర్చుకుని రావాలి.

అన్నం ముద్ద పట్టినట్టు ఐదు వేళ్లూ కొసలు కలిపి పైకి పెట్టడం ఉంది చూశారూ, మనకది తిండి. నోటి దగ్గర ఆడిస్తే "తిన్నావా?" అని. ఇటలీలో అదే ముద్దను పైకీ కిందికీ ఆడిస్తే "ఏంటి నీ గొడవ?" అరబ్బు దేశాల్లో "కాస్త ఓపిక పట్టు". కువైట్‌లో మేనేజరు ముద్ద చూపించాడంటే భోజనానికి పిలిచినట్టు కాదు. చూపుడువేలు, బొటనవేలు కలిపిన సున్నా మనకు "సూపర్", దక్షిణామూర్తి చేతిలో చిన్ముద్ర. జపానులో డబ్బు, ఫ్రాన్సులో గుండుసున్నా, బ్రెజిల్‌లోనూ టర్కీలోనూ అసభ్యం. కూర బాగుందని చెప్పడానికి ఆ దేశాల్లో నవ్వొకటి చాలు. దుబాయ్‌లో కోపమొచ్చి రోడ్డు మీద మధ్యవేలు చూపిస్తే మర్యాదతో పోయే వ్యవహారం కాదు. కేసు, జైలు, దేశం నుంచి పంపించడం దాకా వెళ్తుంది.

ఇస్తాంబుల్ బజారులో మనవాళ్లు బేరం పోగొట్టుకునేది గడ్డం వల్ల. "ఎంత?" అని మాట రాక గడ్డం పైకెత్తి కనుబొమ్మలు ఎగరేస్తారు. అక్కడ తల పైకి విసరడమంటే వద్దని. దుకాణదారు సరుకు తీసి లోపల పెట్టేస్తాడు. బల్గేరియాలో తల కిందికీ పైకీ ఊపితే కాదని, ఆ దేశంలో తల కదపకుండా మాట్లాడటం నేర్చుకోవాలి. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలకు మొదటి నెలంతా ఇదే అవస్థ. అక్కడ కనుబొమ్మలు ఎగరేస్తే అవునని. మనకది "ఏంటి?" కాబట్టి వినపడలేదేమోనని మళ్లీ అడుగుతారు, అవతలివాళ్లు మళ్లీ ఎగరేస్తారు. దారి అడిగితే పెదాలు ముందుకు చాపి అటు అని చూపిస్తారు. మూతి తిప్పుకున్నారని మనం నొచ్చుకోవడం అనవసరం. వేలు వంచి మనిషిని పిలవడం మాత్రం అక్కడ కుక్కను పిలిచినట్టు లెక్క. మనలాగే అరచేయి కిందికి పెట్టి వేళ్లు ఆడించడమే వాళ్ల పద్ధతి కూడా. అమెరికాలో అలా పిలిస్తే పొమ్మన్నారనుకుని వెళ్లిపోతారు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. వీసా ఇంటర్వ్యూకి బాడీ లాంగ్వేజ్ క్లాసులని బెజవాడలో వేలకు వేలు తీసుకునేవాళ్లున్నారు. కాలు మీద కాలు వేయకు, టై ఇలా కట్టు అని రెండు రోజులు చెప్తారు. కిటికీ ముందు నిలబడి మాట్లాడే చోట కాలు మీద కాలేమిటో. హైదరాబాదు కాన్సులేట్‌లో పనికొచ్చేది ఒక్కటే, అవును కాదు అన్న ప్రశ్నకు "యెస్" అనో "నో" అనో నోరు తెరిచి చెప్పడం. మన తలూపు అటువైపు అధికారికి కాదన్నట్టు కనపడొచ్చు. 185 డాలర్ల రుసుము వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు. ఆ క్లాసు డబ్బులు మిగుల్చుకుని ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తే సరిపోతుంది.

అమరావతి, ఉండవల్లి వైపు వచ్చే థాయి, శ్రీలంక, బర్మా (మయన్మార్) యాత్రికుల సంగతి వేరు, అక్కడ తప్పులు మనవైపు. ఉండవల్లి గుహల టిక్కెట్టు భారతీయులకు 25, విదేశీయులకు 300. కానీ సార్క్, బిమ్స్‌టెక్ అనే ఇరుగుపొరుగు దేశాల కూటముల్లో ఉన్నవాళ్లకూ 25 రూపాయల టిక్కెట్టే. థాయిలాండ్, మయన్మార్ బిమ్స్‌టెక్‌లో ఉన్నాయి. పాస్‌పోర్టు గదిలో పెట్టి వస్తే 275 దండగ. పదిమంది బృందానికి అది 2,750. వెంట వెళ్లే గైడు చెప్పాల్సిన మొదటి సంగతి అదీ.

అమరావతిలో 125 అడుగుల ధ్యాన బుద్ధుడి దగ్గర మనవాళ్లు విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగుతుంటే ఆ యాత్రికుల మొహాలు చూడాలి. ఏమీ అనరు, పక్కకు తప్పుకుంటారు. శ్రీలంకలో అలాంటివి నేరం దాకా పోతాయి. 2012లో బుద్ధ విగ్రహానికి ముద్దు పెడుతున్నట్టు ఫొటోలు దిగిన ముగ్గురు ఫ్రెంచి పర్యాటకులకు ఆరు నెలల శిక్ష వేసి, అమలు మాత్రం నిలిపారు. ఫొటో కావాలంటే విగ్రహానికి పక్కగా, సగం తిరిగి నిలబడండి. బుద్ధుడి వైపు కాళ్లు చాపి కూర్చోవద్దు. వాళ్ల పిల్లలు ముద్దొస్తే తల నిమరొద్దు. థాయి వాళ్లకు తల పవిత్రం, కాలు అధమం. మనకు కాలు తగిలితే కళ్లకద్దుకుని సర్దుకుంటాం, వాళ్లకు ఆ సర్దుబాటు అర్థం కాదు. ఈ దేశాల్లో పాటించే థేరవాద బౌద్ధంలో భిక్షువుకు స్త్రీలు వస్తువు చేతికి ఇవ్వరు. గది తాళం బల్ల మీద పెడితే ఆయనే తీసుకుంటారు. ఆయన తిరిగి నమస్కారం పెట్టకపోతే పొగరు కాదు, వాళ్ల నియమం. ఇది తెలియక కొన్ని హోటళ్లలో సిబ్బంది మొహం ముడుచుకోవడం మామూలే. శుక్రవారం మాత్రం అమరావతి వెళ్లొద్దు, అక్కడి మ్యూజియం మూసి ఉంటుంది.

బెజవాడ కొండ మీద అమ్మవారి గుడిలో లెంపలేసుకునేవాళ్లను, వినాయకుడి ముందు గుంజీళ్లు తీసేవాళ్లను చూసి విదేశీయులు కంగారు పడతారు. ఒక్క మాటలో చెప్తే అర్థమవుతుంది, దేవుడికి క్షమాపణ అని. మనం తప్పు ఒప్పుకోవడానికి పట్టుకునే చెవి తమ్మెను పోర్చుగల్‌లో వంట అద్భుతంగా ఉందనడానికి పట్టుకుంటారు. బీసెంట్ రోడ్డులో పొద్దున్నే బేరమాడి కొనకుండా వెళ్లొద్దు. బోణీ వేళ ఆ వెనుతిరగడం మాటకన్నా గట్టిగా తగులుతుంది.

చివరిగా రాత్రి బస్సులు. చిటికెనవేలు ఎత్తి చూపిస్తే బండి ఆపమని, ఒంటికి వెళ్లాలని డ్రైవరుకు తెలుస్తుంది. జపాను నుంచి వచ్చినవాళ్లు ఉలిక్కిపడొచ్చు, అక్కడ ఆ వేలు ప్రియురాలికి గుర్తు. డ్రైవరు అద్దంలో చూసి తల పక్కకు వాలుస్తాడు. అంటే విన్నాడు. ఆపుతాడని కాదు. ముందుకు నడిచి వెళ్లి, ఎన్ని కిలోమీటర్ల తర్వాతో నోటితో అడగండి.