పేవర్ల మీద ఐస్: రాక్ సాల్టా, కాల్షియం క్లోరైడా?

చికాగో చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు మొదటి చలికాలంలో వచ్చే టెన్షన్ ఇది: ఇంటిముందు పేవర్ల (నేలమీద పరిచే కాంక్రీటు పలకల) మీద గడ్డకట్టిన ఐస్‌కి ఏం చల్లాలి?

రాక్ సాల్ట్, అంటే ముతక ఉప్పు, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. సున్నాకు కొంచెం కింద ఉన్న రోజుల్లో బాగానే కరిగిస్తుంది. చలి సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాటితే మాత్రం దాని పని దాదాపు ఆగిపోతుంది. జనవరి రాత్రుల్లో అక్కడ అంతకంటే కిందికి పోవడం మామూలే. అప్పుడు ఇంకో రెండు గుప్పిళ్లు వేసినా లాభం లేదు, ఆ ఉప్పంతా చివరికి గడ్డిలోకి, మొక్కల వేళ్లలోకి చేరుతుంది.

కాల్షియం క్లోరైడ్ అనే ఇంకో రకం ఉప్పు ధర ఎక్కువే. కానీ అది గాలిలో తేమను లాక్కుంటుంది, కరిగేటప్పుడు వేడి పుట్టిస్తుంది. అందుకే మైనస్ 25 ప్రాంతంలో కూడా పనిచేస్తుంది, తక్కువ చల్లినా చాలు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. బూట్లకు అంటుకుని లోపలికొస్తే కార్పెట్ మీద జిడ్డు మరక పడుతుంది.

పేవర్లకు రెండూ పూర్తిగా సురక్షితం కావు. కరిగిన ఉప్పునీరు కాంక్రీటు రంధ్రాల్లోకి దిగి మళ్లీ గడ్డకడితే పైపొర పెచ్చులూడుతుంది. నేనైతే కాల్షియం క్లోరైడే వాడమంటాను, అదీ ప్లాస్టిక్ పారతో మంచు ఎత్తేశాక మిగిలిన పలుచటి ఐస్ మీద మాత్రమే. కరిగిన తడిమంచునూ వెంటనే పక్కకు తోసెయ్యాలి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే గుమ్మం నుంచి కారు దాకా కాస్త ఇసుక కూడా చల్లండి. అది ఐస్‌ని కరిగించదు, కాలికి పట్టునిస్తుంది.